ఫిర్యాదు చేయలేని బాధితులు: సంరక్షణ గృహాల్లో డిమెన్షియా వృద్ధులకు రక్షణ ఎలా?

2025 జూన్ చివరి వారంలో ఉత్తరప్రదేశ్‌లోని నోయిడాలో ఒక వృద్ధాశ్రమాన్ని రాష్ట్ర మహిళా కమిషన్ ప్రతినిధులు, పోలీసులు, సంక్షేమ శాఖ అధికారులు కలిసి తనిఖీ చేశారు. తాళం వేసిన గదులు, చేతులు కట్టివేసిన స్థితిలో ఒక వృద్ధురాలు, ఒంటిమీద సరైన వస్త్రాలు లేని మరికొందరు వారికి కనిపించారు. 39 మంది వృద్ధులను అక్కడి నుంచి వేరేచోటికి తరలించవలసి ఉందని, ఆశ్రమానికి రిజిస్ట్రేషన్ లేదని అధికారులు వెల్లడించారు. లోపలి పరిస్థితిని చూపే ఒక వీడియో బయటకు రావడంతో ఈ తనిఖీ జరిగింది. వీడియో రాకపోయి ఉంటే ఆ తలుపులు మరెంతకాలం మూసి ఉండేవో చెప్పలేం.

తెలుగువారికి ఇది దూరపు వార్త కాదు. 2020 జనవరిలో హైదరాబాద్ శివారులోని నాగారంలో వృద్ధాశ్రమం పేరుతో నడుస్తున్న ఒక కేంద్రం నుంచి 70 మందికి పైగా వ్యక్తులను పోలీసులు బయటకు తీసుకువచ్చారు. వారిలో అత్యధికులు మానసిక అనారోగ్యం ఉన్నవారు. కొట్టడం, గొలుసులతో కట్టివేయడం వంటి ఆరోపణలు అప్పుడు వెలుగుచూశాయి. రెండు ఘటనల్లోనూ కొద్దిరోజుల పాటు ఆగ్రహం వ్యక్తమైంది, నిర్వాహకులపై చర్యలు మొదలయ్యాయి, ఆ తరువాత చర్చ సద్దుమణిగింది.

చర్చ ఆగిన చోటే అసలు ప్రశ్న మొదలవుతుంది. తనకు జరిగినదాన్ని గుర్తుపెట్టుకోలేని, చెప్పుకోలేని, చెప్పినా ఎవరూ నమ్మని వ్యక్తికి రక్షణ ఎలా కల్పించాలి? మన న్యాయవ్యవస్థ, పోలీసు వ్యవస్థ, హెల్ప్‌లైన్ వ్యవస్థ బాధితుడు వచ్చి ఫిర్యాదు చేస్తాడన్న భావన మీదే నిర్మితమయ్యాయి. డిమెన్షియా ఉన్న వృద్ధుల విషయంలో ఈ పునాదే పనిచేయదు.

పెరుగుతున్న అవసరం

జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, దైనందిన పనులు చేసుకునే సామర్థ్యం క్రమంగా క్షీణించే స్థితిని వైద్యులు డిమెన్షియా అంటారు. అల్జీమర్స్ వ్యాధి దీనికి ప్రధాన కారణం. దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పురుషులకంటే స్త్రీలలో, పట్టణాలకంటే గ్రామాల్లో దీని వ్యాప్తి అధికం. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో దేశంలో వృద్ధుల సంఖ్య సుమారు 14.9 కోట్లు. 2050 నాటికి అది 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు పైగా చేరుతుందని అంచనా.

వీరిలో అత్యధికులను ఇప్పటికీ ఇంట్లో కుటుంబ సభ్యులే, ముఖ్యంగా కోడళ్లు, కూతుళ్లు, భార్యలే చూసుకుంటున్నారు. కానీ చిన్న కుటుంబాలు, వలసలు, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే దంపతులు పెరిగిన కొద్దీ రుసుము తీసుకుని వృద్ధులను చూసుకునే సంస్థల అవసరం పెరుగుతోంది. ‘నర్సింగ్ హోం’ అంటే పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి దీర్ఘకాలిక సంరక్షణ గృహం అని అర్థం. మన దగ్గర ఆ మాటకు చిన్న ప్రైవేటు ఆసుపత్రి అన్న అర్థమే స్థిరపడింది. వృద్ధాశ్రమం, ఓల్డేజ్ హోం, అసిస్టెడ్ లివింగ్, కేర్ సెంటర్ అంటూ రకరకాల పేర్లతో నడిచే ఈ సంస్థలకు మన చట్టాల్లో స్పష్టమైన ఒకే నిర్వచనం లేదు. పేరు విషయంలోని ఈ అస్పష్టతే పర్యవేక్షణలోనూ కనిపిస్తుంది.

వేధింపు అంటే కొట్టడం మాత్రమే కాదు

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఒక ఏడాది కాలంలో ఏదో ఒక రూపంలో వేధింపునకు గురవుతున్నారు. ఇది ఇళ్లలో, సమాజంలో ఉన్నవారికి సంబంధించిన లెక్క. సంరక్షణ సంస్థల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. వివిధ దేశాల అధ్యయనాలను క్రోడీకరించినప్పుడు, గత ఏడాదిలో తాము ఏదో ఒక రకమైన వేధింపునకు పాల్పడ్డామని సంస్థల సిబ్బందిలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు స్వయంగా అంగీకరించినట్లు తేలింది. ఇంతమంది స్వభావతః క్రూరులై ఉంటారని అనుకోలేం. కాబట్టి ఈ సంఖ్య వ్యక్తుల గురించి చెప్పే దానికంటే వారు పనిచేసే పరిస్థితుల గురించి చెప్పేదే ఎక్కువ.

కొట్టడం, గిచ్చడం, మంచానికి కట్టివేయడం అందరికీ తెలిసిన రూపాలు. తడిసిన డైపర్‌ను గంటల తరబడి మార్చకపోవడం, దాహం వేస్తుందని తెలిసీ రాత్రిపూట పక్క తడుపుతారన్న భయంతో నీళ్లు ఇవ్వకపోవడం, గొంతులో అడ్డుపడేంత వేగంగా అన్నం కుక్కడం, అరుస్తున్నారని గదిలో పెట్టి గడియ వేయడం, నిద్రమాత్రలతో మత్తులో ఉంచడం, బట్టలు మార్చేటప్పుడు తలుపు తెరిచి ఉంచడం, ఎగతాళి చేయడం, ఉంగరమో పింఛను సొమ్మో కాజేయడం కూడా వేధింపులే. లైంగిక దాడులు అన్నిటికంటే తక్కువగా బయటపడే నేరాలు.

డిమెన్షియా వీటన్నిటినీ కప్పిపుచ్చుతుంది. చేతిమీద కమిలిన గుర్తు కనిపిస్తే ‘జారిపడ్డారు’ అన్న సమాధానం సిద్ధంగా ఉంటుంది. వృద్ధులు తరచుగా జారిపడతారు కనుక ఆ సమాధానం నమ్మదగినదిగానే ఉంటుంది. ‘నన్ను కొట్టారు’ అని తల్లి చెబితే, నిన్ననే చనిపోయిన భర్త వచ్చాడని కూడా ఆమే చెప్పింది కదా అని పిల్లలు సందేహిస్తారు. ఒక మనిషి దగ్గరికి రాగానే ముడుచుకుపోవడం, స్నానం అనగానే వణకడం, అకస్మాత్తుగా తిండి మానేయడం వంటివే తరచుగా ఆమె ఇవ్వగలిగిన సాక్ష్యం. వాటిని కూడా రోగలక్షణాల ఖాతాలో వేసేస్తే ఇక సాక్ష్యమంటూ ఏదీ మిగలదు.

విదేశాల్లో ఉన్న పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న తల్లిదండ్రులను వారు చూడగలిగేది వీడియో కాల్‌లో మాత్రమే. ముందే నిర్ణయించిన సమయానికి తల దువ్వి, ఉతికిన చీర కట్టి కూర్చోబెట్టిన అమ్మ తెరమీద కనిపిస్తుంది. తెల్లవారుజామున మూడు గంటలకు ఆమె ఎలా ఉందో ఆ తెర చెప్పదు. అనుమానం వచ్చినా గట్టిగా అడగడానికి కుటుంబాలు జంకుతాయి. ‘మీకు నచ్చకపోతే తీసుకుపొండి’ అంటే మరో చోటు దొరకదన్న భయం వారిని వెంటాడుతుంది.

స్నానాల గది దగ్గర మొదలయ్యే ఘర్షణ

వేధింపు ఎక్కువగా ఎక్కడ మొదలవుతుందో గమనిస్తే నివారణ మార్గం కొంత స్పష్టమవుతుంది. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, తినిపించడం — ఈ పనులన్నిటిలో శరీరాన్ని తాకవలసి ఉంటుంది. ఎదుట ఉన్నది ఎవరో గుర్తుపట్టలేని వృద్ధురాలికి, తన బట్టలు విప్పుతున్న అపరిచిత వ్యక్తి దాడి చేస్తున్నట్లే అనిపిస్తుంది. ఆమె గీరుతుంది, తోస్తుంది, తిడుతుంది. తెల్లవారేలోగా మరో పది మందికి స్నానం చేయించవలసిన ఆయాకు అది మొండితనంగా కనిపిస్తుంది. చేయి గట్టిగా పట్టుకోవడం అక్కడే మొదలై, రోజులు గడిచిన కొద్దీ అలవాటుగా మారుతుంది.

ఈ ఆయా పరిస్థితిని విస్మరించి నివారణ గురించి మాట్లాడటం వృథా. ఆమెను తరచుగా ఏజెన్సీ ద్వారా, రాతపూర్వక ఒప్పందం లేకుండా, తక్కువ జీతానికి నియమిస్తారు. పన్నెండు గంటల షిఫ్టు సాధారణం. రాత్రివేళ అంతస్తు మొత్తానికి ఆమె ఒక్కతే ఉండవచ్చు. దెబ్బలు ఆమె కూడా తింటుంది. కులం పేరుతో తిట్లూ పడుతుంది. డిమెన్షియా అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. అకస్మాత్తుగా పెరిగిన అరుపుల వెనుక మూత్రనాళ ఇన్ఫెక్షన్, పంటి నొప్పి, మలబద్ధకం వంటి కారణాలు ఉండవచ్చన్న సంగతి తెలిస్తే ఆమె స్పందన వేరుగా ఉంటుంది.

మాట తీరు కూడా ఇందులో భాగమే. బ్రిటిష్ మనస్తత్వవేత్త టామ్ కిట్‌వుడ్ డిమెన్షియా రోగుల వ్యక్తిత్వాన్ని చిన్నబుచ్చే ప్రవర్తనలను 1990లలో వర్గీకరించారు. చిన్నపిల్లల్లా చూడటం, ముద్రలు వేయడం, వారు అందుకోలేనంత వేగంగా పనులు జరిపించడం, ఎదుటే ఉన్నా లేనట్టు మాట్లాడుకోవడం ఆ జాబితాలో ఉన్నాయి. వీటిని దుర్బుద్ధితో చేయకపోవచ్చని, సంస్థ సంస్కృతిలో అవి సహజంగా కలిసిపోతాయని ఆయన వివరించారు. అమెరికాలో క్రిస్టీన్ విలియమ్స్ బృందం నర్సింగ్ హోంలలో సంరక్షణ దృశ్యాలను వీడియో తీసి విశ్లేషించింది. సిబ్బంది వృద్ధులతో పసిపిల్లలతో మాట్లాడినట్లు మాట్లాడినప్పుడు వారి ప్రతిఘటన గణనీయంగా పెరిగిందని 2009లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. సంభాషణ తీరుపై సిబ్బందికి శిక్షణ ఇచ్చినప్పుడు ఆ ప్రతిఘటన తగ్గిందని 13 నర్సింగ్ హోంలలో జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో తేలింది.

తెలుగు సందర్భంలో దీనికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. మన భాషలో ‘నువ్వు’, ‘మీరు’ అన్న తేడాలోనే గౌరవం నిర్ణయమైపోతుంది. జీవితమంతా ‘మాస్టారూ’ అనిపించుకున్న మనిషిని ‘ఏయ్ ముసలాయనా, లే’ అన్నా, పేరు మాని ‘నాలుగో నంబరు’ అన్నా కోపం రావడానికి జ్ఞాపకశక్తి పూర్తిగా ఉండనవసరం లేదు. పైగా డిమెన్షియా ముదిరిన కొద్దీ తరువాత నేర్చుకున్న భాషలు జారిపోయి, తొలి భాషే మిగలడం వైద్యులు తరచుగా గమనించే విషయం. బెంగళూరులోనో పుణేలోనో ఉన్న సంస్థలో తెలుగు తప్ప మరేదీ అర్థంకాని స్థితికి చేరిన వృద్ధురాలికి, తెలుగు రాని సిబ్బంది ‘నొప్పి ఎక్కడ?’ అని కూడా అడగలేరు. సొంత ఊళ్లోనే ఉన్నా, సిబ్బంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారైతే ఇదే సమస్య ఎదురవుతుంది. అక్కడ చేతులు మాట్లాడటం మొదలుపెడతాయి. చేరిన తొలిరోజే ప్రతి వ్యక్తిని ఎలా పిలవాలో, ఏ భాషలో ఏ పది మాటలు తప్పక తెలిసి ఉండాలో రాసి పడక దగ్గర పెట్టడానికి ఖర్చేమీ కాదు.

కట్లు, మాత్రలు

అమెరికా కాంగ్రెస్ 1987లో నర్సింగ్ హోం సంస్కరణ చట్టాన్ని ఆమోదించింది. వేధింపుల నుంచి, సిబ్బంది సౌకర్యం కోసం వేసే శారీరక బంధనాల నుంచి, అదే ఉద్దేశంతో ఇచ్చే మత్తు మందుల నుంచి రక్షణ పొందడాన్ని ఆ చట్టం నివాసుల హక్కుగా గుర్తించింది. సహాయక సిబ్బందికి కనీసం 75 గంటల శిక్షణను తప్పనిసరి చేసింది. వేధించినట్లు నిర్ధారణ అయిన సిబ్బంది వివరాలను రాష్ట్రాల రిజిస్టర్‌లో నమోదు చేయడం వల్ల వారు మరో సంస్థలో చేరడం కష్టమైంది. ఆ తరువాతి దశాబ్దాల్లో వృద్ధులను కట్టివేయడం అక్కడ బాగా తగ్గింది. అయితే కట్ల స్థానంలోకి మాత్రలు రావచ్చని అనుభవం చెప్పింది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ మందులు ఇస్తే మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2005లో అత్యంత తీవ్రస్థాయి హెచ్చరిక జారీ చేసింది.

మన దేశంలోనూ ఈ విషయంలో బలమైన నిబంధన ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో మార్గం లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుని అనుమతితో, అత్యవసరమైనంత సేపే శారీరక నియంత్రణను అనుమతించింది. శిక్షగా గానీ, సిబ్బంది కొరత ఉందన్న కారణంతో గానీ దాన్ని వాడరాదని విస్పష్టంగా పేర్కొంది. జ్ఞాపకశక్తి, దిశాస్పృహల్లో తీవ్ర లోపం ఆ చట్టం ఇచ్చిన మానసిక అనారోగ్య నిర్వచనంలో ఉంది. కాబట్టి తీవ్ర డిమెన్షియా ఉన్నవారిని చేర్చుకునే గృహాలు దాని పరిధిలోకి వస్తాయని వాదించడానికి ఆస్కారం ఉంది. అయితే చాలా సంస్థలు తమను వృద్ధాశ్రమాలుగానే చెప్పుకుంటాయి. ఆ పేరు వెనుక ఈ నిబంధనలన్నీ మరుగున పడుతున్నాయి.

ఆస్ట్రేలియా నేర్చుకున్న పాఠం

చట్టం, తనిఖీ రెండూ ఉన్న చోట కూడా వ్యవస్థ ఎలా విఫలమవుతుందో ఆస్ట్రేలియా అనుభవం తెలుపుతుంది. అడిలైడ్ నగరంలోని ఓక్‌డెన్‌లో తీవ్ర డిమెన్షియా, మానసిక సమస్యలు ఉన్న వృద్ధుల కోసం ప్రభుత్వమే ఒక కేంద్రాన్ని నడిపేది. అక్కడ చేర్చిన ఒక వృద్ధుని శరీరంపై కారణం తెలియని కమిలిన గాయాలు ఉండటాన్ని, సూచించిన మోతాదుకు మించి మందు ఇవ్వడాన్ని అతని కుటుంబం ప్రశ్నించింది. పట్టు విడవకుండా పై స్థాయికి ఫిర్యాదు చేసింది. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రధాన మానసిక వైద్యాధికారి ఇచ్చిన నివేదిక నిర్లక్ష్యాన్ని, బంధనాల దుర్వినియోగాన్ని, దెబ్బతిన్న సంస్థాగత సంస్కృతిని బయటపెట్టింది. కేంద్రాన్ని మూసివేశారు. అన్నిటికంటే కలవరపరిచిన విషయం ఏమిటంటే, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ కేంద్రం గుర్తింపు తనిఖీల్లో ఉత్తీర్ణమవుతూనే వచ్చింది.

దాని పర్యవసానంగా వృద్ధుల సంరక్షణ వ్యవస్థపై రాయల్ కమిషన్ ఏర్పాటైంది. 2019 అక్టోబరులో విడుదలైన మధ్యంతర నివేదికకు ‘నిర్లక్ష్యం’ అన్న ఒక్క మాటనే శీర్షికగా పెట్టారు. 2021 మార్చిలో బహిర్గతమైన తుది నివేదిక 148 సిఫారసులు చేసింది. సేవలు పొందుతున్న వృద్ధుల్లో కనీసం ముగ్గురిలో ఒకరికి ప్రమాణాలకు తగ్గ సంరక్షణ అందలేదని పేర్కొంది. ఆ తరువాత అక్కడ మూడు ముఖ్యమైన మార్పులు వచ్చాయి. మొదటిది, వేధింపు, నిర్లక్ష్యం, అనుచిత బంధనం, దొంగతనం వంటి తీవ్ర ఘటనలను నియంత్రణ సంస్థకు తెలపడం 2021 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది. అత్యంత తీవ్రమైన వాటిని 24 గంటల్లోగా తెలపాలి. రెండోది, 2023 జూలై నుంచి ప్రతి గృహంలో రేయింబవళ్లు అర్హతగల నర్సు ఉండాలన్న నియమం అమల్లోకి వచ్చింది. మూడోది, ఒక్కో నివాసికి రోజుకు సగటున ఎన్ని నిమిషాల ప్రత్యక్ష సంరక్షణ అందాలో చట్టం నిర్దేశించింది. 2024 అక్టోబరు నుంచి ఆ లెక్క 215 నిమిషాలు. అందులో 44 నిమిషాలు నర్సు స్వయంగా అందించాలి. హక్కుల ప్రాతిపదికన రూపొందిన కొత్త వృద్ధుల సంరక్షణ చట్టం 2025 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఇక్కడ గమనించవలసింది ఆ లెక్కలోని ఆలోచన. బాధితుడు ఫిర్యాదు చేయలేడని గుర్తించినప్పుడు ఫిర్యాదు చేసే బాధ్యతను సంస్థ మీద మోపారు. సిబ్బంది అలసిపోతే చేయి లేస్తుందని గుర్తించినప్పుడు నిమిషాలను లెక్కించారు. సమస్యలు అక్కడా పూర్తిగా తీరలేదు. కానీ సంస్థను ప్రశ్నించడానికి అవసరమైన కొలమానం ఇప్పుడు అధికారుల చేతిలో ఉంది.

మన చట్టం చూసేది కొడుకునే

భారతదేశంలో ఈ రంగానికి మూలమైన శాసనం తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. పిల్లలు పోషించకపోతే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే అవకాశాన్ని అది కల్పించింది. వృద్ధులను వదిలివేసినవారికి మూడు నెలల వరకు జైలు, ఐదు వేల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ప్రతి జిల్లాలో కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మంది నిరుపేద వృద్ధులకు వసతి కల్పించేలా, దశలవారీగా ఏర్పాటు కావాలని ఆశించింది. 2018 డిసెంబరులో అశ్వనీ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలు తీరును పరిశీలించి, జిల్లాలవారీగా వృద్ధాశ్రమాల వివరాలు సేకరించాలని ఆదేశించింది.

ఈ చట్టం దృష్టిలో వృద్ధుల పట్ల తప్పు చేసేవాడు ప్రధానంగా కొడుకు లేదా బంధువు. డబ్బు తీసుకుని చూసుకునే ప్రైవేటు సంస్థ, దాని ఉద్యోగి ఆ చూపులో లేరు. ఈ లోటును పూరించే ప్రయత్నం 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లులో కనిపించింది. సంరక్షణ గృహాలకు, ఇంటి వద్ద సేవలందించే సంస్థలకు రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ప్రతిపాదించారు. స్థాయీ సంఘం దానిపై నివేదిక కూడా ఇచ్చింది. కానీ బిల్లు ఆమోదం పొందకుండానే 2024లో 17వ లోక్‌సభ ముగియడంతో మురిగిపోయింది.

మిగిలిన నిబంధనలు చెల్లాచెదురుగా ఉన్నాయి. మానసిక లేదా శారీరక బలహీనత వల్ల నిస్సహాయుడైన వ్యక్తిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని ఉద్దేశపూర్వకంగా మానేసినవారిని శిక్షించే సెక్షన్ 357 భారతీయ న్యాయ సంహితలో ఉంది. దానికి గరిష్ఠ శిక్ష మూడు నెలల జైలు లేదా ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. తమ అధీనంలో ఉన్న వైకల్యం గల వ్యక్తికి తెలిసీ ఆహారం, నీరు నిరాకరించడాన్ని వికలాంగుల హక్కుల చట్టం, 2016 తీవ్ర నేరంగా పరిగణించి ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు విధించింది. డిమెన్షియా రోగిని ఆ చట్టం పరిధిలోకి తేగలిగితే ఈ నిబంధన ఎంతో శక్తిమంతమైనది. అయితే ఇవన్నీ నేరం జరిగి, బయటపడి, రుజువైన తరువాత వర్తించేవి. జరగకముందే ఆపే లైసెన్సు, తనిఖీ, సిబ్బంది నిష్పత్తి వంటి అంచెలు మన దగ్గర రాష్ట్రానికో తీరుగా, చాలాచోట్ల నామమాత్రంగా ఉన్నాయి. వృద్ధుల కోసం ప్రత్యేక కమిషన్ ఏర్పాటుకు కేరళ శాసనసభ 2025 మార్చిలో చట్టం ఆమోదించడం ఈ నేపథ్యంలో చెప్పుకోదగిన ముందడుగు.

తెలంగాణలో మొదలై దేశమంతటికీ విస్తరించిన ‘ఎల్డర్ లైన్’ 14567 ఎందరో వృద్ధులకు ఆసరాగా నిలుస్తోంది. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పనిచేస్తుంది. సిబ్బంది అతి తక్కువగా ఉండే వేళ ఆ తరువాతే మొదలవుతుంది. పైగా నంబరు గుర్తుపెట్టుకుని ఫోన్ చేయడం డిమెన్షియా ఉన్నవారికి సాధ్యమయ్యే పని కాదు.

కెమెరా ఒక్కటే చాలదు

ప్రతి ఘటన తరువాత వినిపించే సూచన సీసీ కెమెరాలు. నర్సింగ్ హోం గదుల్లో కుటుంబాలు కెమెరా పెట్టుకునే హక్కును అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం 2001లోనే చట్టబద్ధం చేసింది. కారిడార్లలో, భోజనశాలలో కెమెరాలు ఉపయోగకరమే. కానీ వేధింపు అధికంగా జరిగే స్నానాల గదిలో, బట్టలు మార్చే చోట వాటిని పెట్టడమంటే ఆ వృద్ధుల గౌరవాన్ని మరో విధంగా భంగపరచడమే. అంగీకారం తెలపలేని వ్యక్తి నగ్నత్వాన్ని ఎవరు చూస్తారు, ఎంతకాలం భద్రపరుస్తారు అన్న ప్రశ్నలకు సమాధానం లేకుండా కెమెరా పెట్టడం సరికాదు. అంతేగాక నిర్లక్ష్యం కెమెరాకు చిక్కదు. రాని మనిషిని, ఇవ్వని నీళ్లను ఎవరో కూర్చుని గంటల తరబడి చూస్తే తప్ప అది పట్టుకోదు.

అన్నిటికంటే ముందుగా తప్పును గమనించేది తోటి ఉద్యోగే. ఆమె నోరు విప్పగలగడం మీదే నివారణ చాలావరకు ఆధారపడి ఉంది. ఈ విషయంలో విదేశాల్లోని భారతీయ సంరక్షకుల అనుభవం ఆలోచింపజేస్తుంది. బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో సంరక్షణ కార్మికులకు ప్రత్యేక వీసా మార్గం తెరిచినప్పుడు అక్కడికి వెళ్లినవారిలో భారతీయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఏజెంట్లకు లక్షలు చెల్లించి వెళ్లి, వీసా యజమానికి ముడిపడి ఉండటంతో మాట్లాడలేక నలిగిపోయినవారి కథనాలు విస్తృతంగా వెలువడ్డాయి. 2025 జూలైలో బ్రిటన్ ఆ మార్గంలో కొత్త విదేశీ నియామకాలను నిలిపివేసింది. తన పట్ల జరిగే అన్యాయాన్నే చెప్పలేని ఉద్యోగి, పక్క మంచం మీద వృద్ధునికి జరిగే అన్యాయాన్ని చెబుతుందని ఆశించలేం. ఏజెన్సీ ఒక్క ఫోన్ కాల్‌తో తొలగించగల మన ఊరి ఆయా విషయంలోనూ ఇదే వర్తిస్తుంది.

చేయవలసినవి

కేంద్రం సవరణ బిల్లును మళ్లీ తీసుకువచ్చినా, రాష్ట్రాలు తమ నియమావళిని సవరించుకున్నా, ఐదు అంశాలు అందులో ఉండాలి. పేరుతో నిమిత్తం లేకుండా, రుసుముకో విరాళానికో వృద్ధులను ఉంచుకునే ప్రతి సంస్థకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావాలి. పగటికి, రాత్రికి విడివిడిగా సిబ్బంది నిష్పత్తిని నిర్దేశించి, దాన్ని గోడమీద ప్రదర్శించాలి. ఒంటరిగా సేవలు అప్పగించేముందు డిమెన్షియాపై ప్రాథమిక శిక్షణ, పోలీసు ధ్రువీకరణ పూర్తికావాలి. ప్రతి గాయాన్ని, ప్రతి కట్టును, మత్తు కలిగించే ప్రతి మందును నమోదు చేసి, తీవ్ర ఘటనలను 24 గంటల్లో జిల్లా అధికారికి, కుటుంబానికి తెలపాలి. చెప్పిన ఉద్యోగికి రక్షణ ఉండాలి. చివరిగా, ముందస్తు సమాచారం లేని తనిఖీలు రాత్రివేళల్లో, సెలవు రోజుల్లో కూడా జరగాలి. తనిఖీ బృందంలో రిజిస్టర్లు చూసే అధికారితో పాటు వృద్ధుల శరీరాన్ని పరీక్షించగల నర్సు గానీ వైద్యుడు గానీ ఉండాలి.

వీటికి ఖర్చవుతుందని, రుసుములు పెరుగుతాయని, చిన్న సంస్థలు మూతపడతాయని నిర్వాహకులు అంటారు. ఆ వాదనలో నిజం ఉంది. సేవాభావంతో నడిచే చిన్న ఆశ్రమాలను అక్రమ కేంద్రాలతో ఒకే గాటన కట్టకూడదు. అందుకే శిక్షణ వ్యయాన్ని ప్రభుత్వం భరించడం, ప్రమాణాలు అందుకోవడానికి గడువు ఇవ్వడం, నిరుపేద వృద్ధులకు తలసరి గ్రాంటు పెంచడం నియంత్రణలో భాగం కావాలి. గడువు ముగిసిన తరువాత మాత్రం మినహాయింపు ఉండరాదు.

చట్టం వచ్చేదాకా కుటుంబాలు చేయగలిగింది కొంత ఉంది. చేర్చేముందు రాత్రి పది దాటాక అంతస్తులో ఎంతమంది ఉంటారని అడగాలి. స్నానానికి ఒప్పుకోకపోతే ఏం చేస్తారని అడగాలి. ‘కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తాం’ అనే సంస్థకు, ‘మేం చూసుకుంటాంలెండి’ అనే సంస్థకు చాలా తేడా ఉంటుంది. చెప్పకుండా, వేర్వేరు వేళల్లో వెళ్లాలి. గోళ్లు, నాలుక, మడమలు, ముంజేతులు చూడాలి. బరువు తగ్గుతోందా గమనించాలి. మందుల చీటీలో కొత్తగా చేరిన మాత్ర ఎందుకో వైద్యుణ్ని అడగాలి. దూరాన ఉన్న పిల్లలు ఆ ఊళ్లోని బంధువునో స్నేహితుణ్నో ఈ పనికి నియమించుకోవాలి. అనుమానం కలిగితే తేదీలతో సహా రాసిపెట్టి, ఫొటో తీసి, 14567కు, జిల్లా సంక్షేమ అధికారికి, పోలీసులకు తెలపాలి. మనవాళ్లను వేరేచోటికి మార్చి ఊరుకుంటే పక్క మంచం మీది మనిషి అక్కడే మిగిలిపోతుంది. ఆమె కోసం వచ్చేవారు ఎవరూ లేకపోవచ్చు.

నోయిడాలో, నాగారంలో వ్యవస్థ చేరుకునేసరికి ఆలస్యం జరిగిపోయింది. ఇప్పుడు దేశంలో ఎన్ని సంరక్షణ గృహాలు ఉన్నాయో, వాటిలో ఈ రాత్రి ఎంతమంది సిబ్బంది విధుల్లో ఉన్నారో అడిగితే జవాబు చెప్పవలసిన అధికారి ఎవరన్నది ముందుగా తేలాలి. సంస్కరణ అక్కడి నుంచే మొదలుకావాలి.